తలుపు కింద తడిగుడ్డ

కుర్చీలోంచి లేచాక మంగతాయారు చెప్పిన మొదటి మాటే అబద్ధం.

నర్సు ఆమె తలమీది తీగల టోపీ తీసి, చెవుల పక్కన అంటుకున్న జిగురు దూదితో తుడుస్తోంది. డాక్టర్ హైమవతి ఎదురుగా కూర్చుని, "నిదానంగా చెప్పండి. ఏం అందింది మీకు?" అని అడిగింది.

"ఏమీ లేదండి. ఖాళీ. ఎండిపోయిన నూతిలోకి తొంగిచూసినట్టుంది."

నూతి పోలిక అప్పటికప్పుడు తట్టింది కాదు. ఖాళీగానే ఉంటుందన్న నమ్మకంతో కాకినాడ నుంచి జైలు దాకా బస్సులో అనుకుంటూ వచ్చిందే. తీరా లోపల ఖాళీ లేకపోయినా ఆ మాటను వృథా పోనివ్వలేదు. పక్కన కూర్చున్న గుమాస్తా ఆ ముక్క పొల్లుపోకుండా రాసుకున్నాడు. గోడకు అవతల, అలాంటి కుర్చీలోనే, అలాంటి టోపీతోనే సింహాద్రి ఉన్నాడు. ఆమె మొగుడితో పాటు మరో ఇద్దరిని చంపి, ఉరిశిక్ష పడినవాడు.

ఆ యంత్రాన్ని జైల్లో అందరూ "పొత్తు" అనేవారు. ఒకే కంచంలో ఇద్దరు తిన్నట్టు, ఒకడి గుండెల్లో కదిలింది ఇంకొకరి గుండెల్లోనూ కదిలేలా చేస్తుందది. ఖైదీని తన నేరం జరిగిన రోజు తలుచుకోమంటారు. అప్పుడు అతని మెదడులో రేగిన అల తీగల వెంట గోడ దాటి వస్తుంది. అలను తెరమీద చూపించడం హైమవతికి ఎప్పుడో చేతనైంది. చిక్కల్లా ఒక్కటే. ఉరితాడు భయమూ, చేసిన పనికి పడే బాధా తెరమీద ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో మనిషికి మాత్రమే తెలుస్తుంది. ఏ మనిషికి అని పెద్దలంతా చాలాకాలం తర్జనభర్జన పడి, మోసపోవడానికి బొత్తిగా ఇష్టపడని మనిషికే అని తేల్చారు. అంటే చచ్చినవాడి తాలూకు మనిషికి. ఆమె చెప్పిన మాట క్షమాభిక్ష మండలి ముందుకు వెళుతుంది. క్షమించే బరువు మోయలేక పెద్దలు దాన్ని భలే తెలివిగా మంగతాయారు నెత్తిన పెట్టారు.

ఆమెకు అందింది ఏమిటంటే, చాలా అందింది.

ఐసు ఫ్యాక్టరీలో మిషన్ల గది ఇనుప తలుపు కనబడింది, బయటి వైపు నుంచి. గడియ మీద తన చెయ్యి ఉంది. అది వెంట్రుకలున్న మగచెయ్యి. నోట్లో సారా వాసన. లోపల అమోనియా బుసకొడుతోంది. తలుపు కింది సందులోంచి ఒక గొంతు వచ్చింది. "సింహాద్రీ! ఒరేయ్, గుడ్డ తడిపి కిందనుంచి తొయ్యరా! ఒక్క గుడ్డరా!"

అది గోవిందు గొంతు. ఆమె మొగుడిది. ఇన్నేళ్లలో ఆ గొంతును ఆమె మరిచిపోయింది. ఫొటో ఉంది కాబట్టి మొహం గుర్తుంది. గొంతు మాత్రం ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు.

ఐసు ఫ్యాక్టరీ వాళ్ల పిల్లలకు కూడా తెలిసిన సంగతొకటుంది. అమోనియాకి నీళ్లంటే ఆశ. నీళ్లు కనబడితే మనిషిని వదిలేసి నీళ్లలో దూరుతుంది. అందుకే ఆ గదుల్లో పనిచేసేవాళ్ల భుజాన ఎప్పుడూ తువ్వాలు ఉంటుంది, గుమ్మం దగ్గర బకెట్ ఉంటుంది. వాసన తగలగానే గుడ్డ తడిపి మొహానికి చుట్టుకుంటారు. ఆ రోజు సింహాద్రి భుజాన తువ్వాలు ఉంది, కాలి దగ్గర బకెట్ ఉంది. తలుపు కింద అరచెయ్యి పట్టేంత సందు ఉంది. అతను కదలలేదు. పనిలోకి తాగి వస్తున్నాడని మేస్త్రీ గోవిందు యజమానికి చెప్పి పని మాన్పించాడన్న కసితో, "అడుక్కోరా, ఇంకా అడుక్కో" అని మనసులో అనుకుంటూ నిలబడ్డాడు. లోపలి గొంతు ఆగిపోయాక పరిగెత్తాడు.

ఇది కోర్టుకు తెలియదు. వాల్వు తిప్పి, గడియ పెట్టి, పారిపోయాడనే అక్కడ తేలింది. శవపరీక్ష చేసిన డాక్టరు గోవిందు తల్లితో, "ఒక్క గుక్కలో పోయారమ్మా, బాధ తెలియలేదు" అన్నాడు. ఇంతకాలం ఆ ముసలిది బతికింది ఆ ఒక్క మాట మీదే.

ఆ జ్ఞాపకం వెనకాలే ఇంకొకటి వచ్చింది. అది భయం కాదు. భయమైతే మంగతాయారు సంతోషించేది. చావుకు వణికే పిరికివాణ్ణి చూద్దామనే ఆమె వచ్చింది. వచ్చింది మాత్రం బరువు, పనిలా అలవాటైపోయిన బరువు. రోజూ పొద్దున్నే ఆ గొంతుకు జవాబు చెప్పుకునేవాడి బరువు. ఈ లోకంలో గోవిందును తనకంటే ఎక్కువగా తలుచుకునేవాడు ఒకడున్నాడని ఆమెకు అర్థమైంది. వాడు గోవిందును చంపినవాడే. ఆ కోపం పట్టలేకపోయింది. వీడు మారాడు, నిజమే. కానీ వీడు మేం అనుకున్నదానికంటే పెద్ద పాపి. ఆ రెండో సంగతే ఆమె నాలుకను పట్టుకుని "ఖాళీ" అనిపించింది.

* * *

కాకినాడ హార్బరు వెనకవీధిలో వాళ్లది రెండు గదుల ఇల్లు. మంగతాయారు దగ్గర్లోని బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అత్త మహలక్ష్మమ్మకు చూపు కాస్త తగ్గింది గాని నోరు తగ్గలేదు. కొడుకు పోయిన నాడు ఆమె ఒట్టు పెట్టుకుంది, వాడికి ఉరిపడేదాకా చల్లనీళ్లు ముట్టనని. రోహిణి కార్తెలో కూడా గోరువెచ్చని నీళ్లే తాగుతుంది. పక్కింటావిడ ఫ్రిజ్ కొన్నప్పుడు చూడమని పిలిస్తే, గుమ్మంలోంచే తిరిగొచ్చేసింది.

"ఏమన్నావే అక్కడ?" అని అడిగింది కోడల్ని.

"ఖాళీ అన్నాను."

"మంచిపని చేసేవు. ఇంక ఎంతోకాలం పట్టదు." అంటూ మహలక్ష్మమ్మ కోడలి తల నిమిరింది. ఆ చేతి కింద మంగతాయారు మెడ బిగుసుకుపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున మహలక్ష్మమ్మ కేక పెట్టింది. "ఏంటే తాయారూ ఇది? జారి పడితే నా నడుం విరిగుండేది. గుమ్మం కాడ తడిగుడ్డేంటే?"

మంగతాయారు వచ్చి చూసింది. వీధి తలుపు ఇంకా తియ్యలేదు. దాని కింది సందులోకి తువ్వాలు ఒకటి కుక్కి ఉంది, నీళ్లు కారుతూ. తన తువ్వాలే. తన వేళ్లు కూడా తడిగానే ఉన్నాయి. లేచి మొహం కడుక్కున్నట్టు గుర్తుంది గాని, ఇది చేసినట్టు గుర్తులేదు.

"చీమలు వస్తన్నాయని పెట్టేనత్తా."

మర్నాడూ పెట్టింది. ఆ మర్నాడూ. ఆపుదామని తువ్వాలు పెట్టెలో పెట్టి తాళం వేస్తే, పైట చెంగు తడిపి తోస్తూ దొరికిపోయింది. లేవగానే మొదటి చెంబు నీళ్లు దానికే పోవాలి. పోసి, తడిపి, మోకాళ్ల మీద వంగి, అరచేత్తో సందులోకి తోసేదాకా గుండె కుదుటపడదు. అంతా అయ్యాక మాత్రం ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. ఆ హాయి ఎవడిదో మంగతాయారుకు తెలుసు.

"చీమలేవే? ఒక్కటీ కనబడదే నాకు?" అని అత్త సణిగేది. "గుడ్డిదాన్నయ్యేననుకున్నావా? గడప మీద లక్ష్మి ఉండే చోట సచ్చినోళ్లింట్లోలాగా తడిగుడ్డలూ నువ్వూను."

* * *

హైమవతి మామూలుగా చెయ్యవలసిన పరీక్షకే వచ్చింది. పొత్తులో కూర్చున్నవాళ్లను కొన్నాళ్లకు ఒకసారి చూసి, ఏమీ మిగల్లేదని నమోదు చెయ్యాలి. అందింది అత్తరు వాసనలా నాలుగు రోజుల్లో పోతుందని ఆమె ప్రభుత్వానికి ఎప్పుడో రాసిచ్చింది.

పొద్దున్నే వచ్చింది. తలుపు తట్టబోయి కిందికి చూసింది. తలుపు కింద నుంచి తువ్వాలు కొస బయటికి వచ్చి, మెట్టు మీద నీళ్లు కారుతున్నాయి. అలాంటి కొసనే ఆమె ఉరిఖైదీల వరుసలో చూసింది. సింహాద్రి గది తలుపు దగ్గర, వెళ్లినప్పుడల్లా. అప్పుడు దాన్ని దాటుకుంటూ వెళ్లిందే గాని ఎందుకని అడగలేదు.

లోపల మహలక్ష్మమ్మ ఇచ్చిన కాఫీ తాగింది. కాఫీ బాగుందంది. ముసలామె మోకాళ్ల నొప్పులకు ఏదో మందు చెప్పింది. వెళ్లేటప్పుడు కారు దాకా రమ్మని మంగతాయారును కళ్లతోనే పిలిచింది.

"మీకు ఏమీ అందలేదన్నారు."

"అవునండి."

"అందకపోతే ఆ గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మంగతాయారు తడి చేతుల్ని పైటకు తుడుచుకుంది. తర్వాత తుడుచుకోవడం మానేసింది. "ఇది పోదాండి?" అని మాత్రం అడిగింది.

హైమవతి కారు తలుపు పట్టుకుని నిలబడింది. "పోదు. నాకు ముందే తెలుసు. మొదట్లో ప్రయోగశాలలో మా దగ్గర పనిచేసే అమ్మాయిని, గుండెజబ్బు ఉన్నతన్ని పొత్తులో పెట్టాం. బాధ పోయింది గాని, ఛాతీ మీద చెయ్యేసుకుని మెట్లెక్కడం ఆ పిల్లకు ఈనాటికీ పోలేదు. ఒకళ్లకే కదా అని ఊరుకున్నాను. పైకి చెబితే యంత్రం మూలపడుతుంది. ఎంతమంది ప్రాణాలు నిలుపుతుందో అనుకున్నాను." ఆగి, "మీరు అబద్ధం చెప్పారని ఆ గుడ్డ చెబుతోంది. నేనూ చెప్పానని చెబుతోంది" అంది.

అత్త వింటోందేమోనని మంగతాయారు గుమ్మం వైపు చూసింది.

"ఆడికి తెలుసాండి? నేను ఖాళీ అన్నానని?"

"చదివి వినిపించారు. ఏమంటావని అడిగితే, ఆవిడ మాటే ఖాయం చెయ్యండి అన్నాడట. ఇంక అర్జీలేవీ పెట్టనన్నాడు." హైమవతి గొంతు తగ్గింది. "మండలి చివరి సమావేశం వచ్చే వారం. అప్పటిదాకా మాట మార్చుకోవచ్చు. ఆ తర్వాత మీరు చెప్పినా ఎవరూ వినరు."

* * *

మాట మార్చుకోవడమంటే ఏమిటో మంగతాయారుకు తెలుసు. వాడు ఎలా మారాడో చెప్పాలంటే, ఏం చేశాడో చెప్పాలి. తలుపు కింది గొంతు సంగతి చెప్పాలి. అది పేపర్లో వస్తుంది, వీధిలోకి వస్తుంది, మహలక్ష్మమ్మ చెవిన పడుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అన్నారా? చెప్పకపోతే మాత్రం వాడు పోతాడు. వాడు పోయాక కూడా రోజూ పొద్దున్నే వాడి పని తాను చేస్తూనే ఉంటుంది, చేతులారా చంపినవాడి పని. ఇప్పుడు ఆమెకు రెండు పాపాలు తెలుసు. ఒకటి వాడిది. రెండోది అచ్చంగా తనది. దానికి గడియ మీద చెయ్యి కూడా వెయ్యక్కర్లేకపోయింది, ఒక్క మాట సరిపోయింది.

వేరేవాళ్లు చెప్పకముందు తానే చెప్పాలనుకుంది. ఆదివారం మధ్యాహ్నం అత్తకు తలకు నూనె రాస్తూ మొదలుపెట్టింది. మొహం చూడక్కర్లేదని అలా కూర్చుంది.

"అత్తా, ఆయన ఒక్క గుక్కలో పోలేదు."

మహలక్ష్మమ్మ తల కదల్చలేదు. మంగతాయారు అంతా చెప్పింది. గొంతు, సందు, బకెట్, భుజాన తువ్వాలు. ఖాళీ అన్నది అబద్ధమనీ, గుడ్డ ఎవడిదనీ చెప్పింది. నూనె చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది.

ముసలామె అడిగింది, "నీళ్లు అడిగేడా?"

"అడిగేరత్తా."

"నేను ఇన్నేళ్లూ తాగుతానే ఉన్నాను." తర్వాత తల పక్కకు లాక్కుంది. "ఇప్పుడెల్లి ఆణ్ణి బతికిత్తావా?"

"ఉన్నది చెప్తానత్తా."

"చెప్పు. ఆడికి ఉరి తప్పితే ఈ జన్మకింక నాకు చల్లనీళ్లు లేవు. అది కూడా చెప్పు అక్కడ." లేచి, గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. కోడలు బయల్దేరే రోజు పొద్దున కూడా ఇటు తిరగలేదు.

* * *

మండలి జైలు ఆవరణలోనే కూర్చుంది. పెద్దాయన ఒక రిటైర్డు జడ్జి, మెత్తగా మాట్లాడే మనిషి. సింహాద్రిని పక్కన కూర్చోబెట్టారు. మంగతాయారు అతన్ని కోర్టు తర్వాత చూడటం ఇదే. జుట్టు నెరిసింది. చేతుల మీద వెంట్రుకలు కూడా నెరిశాయి. ఆ చేతుల్ని లోపలి నుంచి ఎరిగుండటం ఆమెకు సిగ్గనిపించింది.

ఆమె చెప్పింది. గుడ్డ దాకా వచ్చేసరికి, వెనక నిలబడ్డ వార్డరు నోరు తెరిచాడు. అడిగితే చెప్పాడు. "నిజమేనండి. నీళ్లు కారి వరండా తడుస్తందని రోజూ తిట్టేవోళ్లమండి. కప్పలు రాకుండా పెట్టుకుంటన్నాడనుకున్నాం."

హైమవతి లేచి, యంత్రంలో అందింది మనిషిలో మిగిలిపోతుందనీ, ఆ సంగతి తాను దాచాననీ చెప్పింది. ఆమె చెప్పిన తీరు చూస్తే, ఆ మాటను కూడా ఎవరో తలుపు కింద నుంచి తోసినట్టుంది.

జడ్జిగారు మంగతాయారు వైపు తిరిగారు. "అమ్మా, మీరు చెప్పినదాంతో నేరం ఇంకా పెద్దదవుతోంది గాని చిన్నది కాదు కదా?"

"అవుద్దండి."

"మరి?"

"ఆ రోజు గుడ్డ తొయ్యనోడు ఒకడండి. ఇన్నేళ్లూ రోజూ తోసేవోడు ఇంకొకడు. ఇద్దరికీ ఒకటే మెడ. అదేనండి నా బాధ."

"క్షమించారా మీరు?"

"లేదండి. ఆ మాట నన్ను అడక్కండి. మారేడా అని కదా ఆ కుర్చీలో కూర్చోబెట్టేరు? మారేడు. అది చెప్పడానికే వచ్చేను."

సింహాద్రిని అడిగారు, చెప్పేదేమైనా ఉందా అని. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఆయమ్మ చెప్పింది నిజమేనండి. కోర్టులో శిక్ష పెరుగుద్దని దాచేను. తర్వాత తర్వాత ముసలమ్మగారి కోసం దాచేను. కొడుకు అంత అడిగేడని తెలిత్తే తట్టుకోలేదని." మంగతాయారు వైపు చూడబోయి, నేల చూశాడు. "ఆయమ్మ ఖాళీ అన్నప్పుడు ఎందుకన్నాదో నాకు తెలిసిందండి. అత్తగారి కోసం దాచింది. మంచిదే చేసిందనుకున్నాను. అందుకే ఇంక అర్జీ వద్దన్నాను."

అందరూ మంగతాయారును గౌరవంగా చూశారు. అది ఆమె భరించలేకపోయింది. ఊరుకుంటే చాలు, హంతకుడు స్వయంగా ఇచ్చిన మంచితనం తనదైపోతుంది.

"అందుక్కాదండి" అని లేచి, సింహాద్రి వైపు తిరిగింది. "అత్త నాకప్పుడు గుర్తుకే రాలేదు. నువ్వు చావాలని అన్నాను. రాసుకోండి బాబూ, అది కూడా రాసుకోండి."

* * *

ఉరి యావజ్జీవంగా మారిందని వర్తమానం వచ్చిన సాయంత్రం మంగతాయారు అత్తతో ఒక్క ముక్కలో చెప్పింది. పొత్తు గదికి తాళం వేశారనీ, హైమవతిని పక్కన పెట్టారనీ కూడా చెప్పింది. మహలక్ష్మమ్మ వింది. కసిరినా బాగుండేది, కసరలేదు. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి, పొయ్యి మీద పెట్టి వెచ్చబెట్టుకుని తాగింది.

మర్నాడు మంగతాయారుకు ఆలస్యంగా మెలకువ వచ్చింది. గుండె అప్పుడే తొందరపెడుతోంది, చేతులు నీళ్ల కోసం చూస్తున్నాయి. చెంబు కనబడలేదు. తువ్వాలు కూడా లేదు.

వీధి తలుపు దగ్గర మహలక్ష్మమ్మ నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్లు వంగవు కాబట్టి కాళ్లు బారజాపి, పక్కకు ఒరిగి, తడిసిన తువ్వాలును అరచేత్తో సందులోకి తోస్తోంది. చూపు ఆనక సందు కోసం తడుముకుంటోంది. గుడ్డ మడతపడి అడ్డం తిరిగితే, వెనక్కి లాగి, సరిచేసి, మళ్లీ తోసింది. కొస అవతలికి వెళ్లిందో లేదో తెలియక, గడప మీదికి వంగి చెవి పెట్టింది.

"అత్తా..."

"ఆడి కోసం కాదు" అంది ముసలామె, తల ఎత్తకుండా. "నా కొడుకు అడిగేడు. ఆ రోజు నేను అక్కడ లేను."

మంగతాయారు పక్కన కూలబడింది. ఇద్దరి చేతులూ కలిసి గుడ్డను ఇంకొంచెం తోశాయి.

"అందినట్టేనా?" అని అడిగింది మహలక్ష్మమ్మ.